వర్ణానికి వర్ణం: అవధాన సమస్యలున్న పాఠకులకై రంగు అక్షరాల వినియోగం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠంలో కొంత భాగాన్ని రంగు సిరాతో రాసి చదువరి చూపును అటు మళ్లించడం లేఖనచరిత్రలో చాలా పాత పద్ధతి. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో ఈ పద్ధతి అవధాన సమస్యలున్న పిల్లలకు చదువు చెప్పే సాధనంగా రూపొందింది. ఈజిప్టు ఎర్రసిరా నుంచి నేటి తెరల దాకా ఈ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్ట్రాస్–లెటినెన్ల పద్ధతి, సిడ్నీ జెంటాల్ పరిశోధనలు పరస్పరవిరుద్ధమైన సిద్ధాంతాల నుంచి బయలుదేరి రంగు విషయంలో దాదాపు ఒకే ఆచరణకు చేరిన తీరును వివరిస్తుంది. రంగు ఆకర్షణ కంటే అది పడిన చోటు ముఖ్యమన్న నిర్ణయాన్ని తెలుగు లిపికి అన్వయిస్తుంది.

కీలకపదాలు: అవధానం, రంగు అక్షరాలు, పఠనబోధన, స్ట్రాస్, లెటినెన్, జెంటాల్, గటేన్యో, తెలుగు లిపి, గుణింతం.

1. ఉపోద్ఘాతం

సంస్కృతంలోనూ తెలుగులోనూ ‘వర్ణం’ అన్న మాటకు రంగు అన్న అర్థమూ ఉంది, అక్షరం అన్న అర్థమూ ఉంది. ‘వర్ణమాల’ అన్నప్పుడు రెండో అర్థమే స్ఫురిస్తుంది. ఈ రెండు అర్థాలూ ఆచరణలో ఒకచోట కలిసే సందర్భం రంగు అక్షరాలతో చదువు చెప్పడం. పలకపై తెల్లని సుద్దతో రాసిన పదంలో పిల్లవాడు పదేపదే తప్పుతున్న ఒత్తును ఉపాధ్యాయుడు ఎర్ర సుద్దముక్కతో దిద్ది చూపడం మన బడుల్లో సామాన్యంగా కనిపించే దృశ్యమే. దాని వెనుక ఒక సిద్ధాంతం ఉందని ఆ ఉపాధ్యాయుడు అనుకోకపోవచ్చు. అయితే ఆ చిన్న పనికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. అందులో వివాదాలూ ఉన్నాయి.

తెలుగువారికి ‘అవధానం’ సాహిత్యపరంగా కూడా పరిచితమైన మాట. అష్టావధానంలో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికే అప్రస్తుతప్రసంగం అనే అంశం ఉంది. చెదరగొట్టేవి ఎదురుగా ఉండగా దేన్ని పట్టుకోవాలో దాన్ని పట్టుకోగలగడమే అవధానమన్న అవగాహన ఆ ప్రక్రియలోనే ఇమిడి ఉంది. అవధాని సాధనతో సంపాదించే ఈ శక్తిలో చాలా తక్కువ భాగమే పుస్తకం చదివే పిల్లవాడికి కావాలి. ఆ కొద్దిపాటి శక్తీ కూడగట్టుకోలేని పిల్లలున్నారు. వారికి పుటలోని రంగు ఏ మేరకు ఊతమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. ఎర్రసిరా సంప్రదాయం

ప్రాచీన ఈజిప్టు లేఖకులు నల్లసిరాతో పాటు ఎర్రసిరాను కూడా వాడారు. క్రీ.పూ. 16వ శతాబ్దికి చెందిన ఎబెర్స్ వైద్యపత్రంలో శీర్షికలు ఎర్రగా ఉంటాయి. దాదాపు అదే యుగానికి చెందిన రైండ్ గణితపత్రంలో లెక్క చేయడానికి తోడ్పడే సహాయకసంఖ్యలను ఎరుపులో రాశారు. చుట్టగా ఉన్న పత్రాన్ని విప్పుతూ కావలసిన చికిత్సను వెతికేవాడికి ఎర్రగీత ‘ఇక్కడ కొత్త అంశం మొదలవుతోంది’ అని చెబుతుంది.

మధ్యయుగపు ఐరోపాలో ఇది ఒక వృత్తిగా స్థిరపడింది. నల్లసిరాతో ప్రతి పూర్తయ్యాక ఎర్రసిరాతో శీర్షికలూ పెద్దక్షరాలూ పూరించే లేఖకులు వేరే ఉండేవారు. ఆంగ్లంలో ‘రూబ్రిక్’ అన్న మాట ఎరుపును సూచించే లాటిన్ పదం నుంచే వచ్చింది. చర్చి ఆరాధనగ్రంథాల్లో పలకవలసిన మాటలు నలుపులోనూ, చేయవలసిన క్రియల సూచనలు ఎరుపులోనూ ఉండేవి. ఒకే పుటలో రెండు స్వరాలను రంగు విడదీసింది. అందం కోసం వేసిన రంగుకూ, చదవడానికి దారి చూపే రంగుకూ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అచ్చు వచ్చిన తొలిరోజుల్లో ఈ ఎరుపు ఖర్చుతో కూడిన పని అయింది. సుమారు 1455 నాటి గూటెన్‌బర్గ్ బైబిల్‌లో మొదటి కొన్ని పుటల శీర్షికలను ఎర్రగా అచ్చువేయడానికి ప్రయత్నించి, తర్వాత ఆ పని మానుకుని ఖాళీలను చేతితో పూరించడానికి వదిలేశారు. 1457లో ఫుస్ట్, షోఫర్ మెయింజ్ నగరంలో వెలువరించిన కీర్తనల గ్రంథంలో రంగు అచ్చు గొప్పగా సాధ్యమైంది. అయినా పుస్తకాలు చవకై విస్తరించిన కొద్దీ నలుపే నిలిచింది. చదువరి దృష్టిని నడిపే బాధ్యత రంగు నుంచి ఖాళీ స్థలానికీ, అక్షరం పరిమాణానికీ, విరామచిహ్నాలకీ బదిలీ అయింది.

3. ఒకే రంగు గల తాళపత్రం

భారతీయ కాగితపు ప్రతుల్లో, ముఖ్యంగా ఉత్తర, పశ్చిమ ప్రాంతాల ప్రతుల్లో, అధ్యాయాంతాలకూ పద్యసంఖ్యలకూ దండాలకూ జేగురు, ఇంగిలీకం వంటి ఎర్రని ద్రవ్యాలు వాడిన ఉదాహరణలు విరివిగా ఉన్నాయి. తప్పుపడిన అక్షరాలను హరిదళపు పసుపుపూతతో కప్పే పద్ధతీ ఉంది.

తెలుగు తాళపత్రం సంగతి వేరు. ఘంటంతో ఆకుపై గీసి, ఆ గీతల్లో మసి గాని పసరు గాని పట్టించి తుడిచే పద్ధతిలో అక్షరాలన్నీ ఒకే రంగు తేలతాయి. ఒక పదాన్ని మాత్రం ఎర్రగా చూపడం ఆ సాంకేతికతకు అనుకూలం కాదు. పదాల మధ్య ఎడం కూడా ఉండదు. అందువల్ల చదువరికి ఆనవాళ్లు వేరే రూపాల్లో ఏర్పడ్డాయి: పద్యసంఖ్యలు, ఆశ్వాసాంత గద్యలు, ‘క.’, ‘సీ.’, ‘వ.’ వంటి ఛందస్సంకేతాలు. పద్యం పేరు ముందే తెలిస్తే నడక తెలుస్తుంది, నడక తెలిస్తే పదాల విరుపు తెలుస్తుంది. అచ్చు యుగంలో మూలాన్ని పెద్ద అక్షరాల్లోనూ టీకాతాత్పర్యాలను చిన్న అక్షరాల్లోనూ ముద్రించే పద్ధతి దీనికి తోడైంది. తెలుగు ఇళ్లలో గోడమీది క్యాలెండరులో సెలవురోజుల ఎర్రని అంకెలు మాత్రం పాత ఎర్రసిరా పనినే నేటికీ చేస్తున్నాయి.

ఇంతవరకు చూసిన రంగులూ ఆనవాళ్లూ చదువరులందరికీ ఉద్దేశించినవి. చదవడంలో ఇబ్బందిపడే పిల్లవాడి కోసం ప్రత్యేకంగా రంగును వాడడం ఆధునికకాలపు ఆలోచన.

4. బడిలోకి వచ్చిన రంగు: డేల్, గటేన్యో

పందొమ్మిదో శతాబ్ది చివర ఇంగ్లండులో నెల్లీ డేల్ అనే ఉపాధ్యాయిని ఆంగ్లధ్వనులను రంగులతో వర్గీకరించి చదవడం నేర్పే పద్ధతిని రూపొందించారు. ఆమె వాచకాలకు ప్రసిద్ధ చిత్రకారుడు వాల్టర్ క్రేన్ బొమ్మలు వేశారు. ఆంగ్లంలో ఒకే అక్షరం పలు ధ్వనులను, ఒకే ధ్వని పలు అక్షరాలను ఆశ్రయిస్తుంది. రంగు ఆ గందరగోళంలో ధ్వని జాతిని చెప్పే గుర్తుగా పనిచేసింది.

ఈ ఆలోచనను పూర్తిస్థాయి వ్యవస్థగా మలచినవారు కాలెబ్ గటేన్యో. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో 1911లో జన్మించిన ఈ గణితబోధకుడు 1957లో యునెస్కో తరఫున ఇథియోపియాలో పనిచేస్తూ అమ్హారిక్ భాషకు అక్షరాస్యతాపద్ధతిని తయారుచేశారు. అమ్హారిక్ లిపి మన గుణింతాలను గుర్తుచేస్తుంది. ప్రతి హల్లుకూ అచ్చును బట్టి ఏడు రూపాలుంటాయి. హల్లులు నిలువుగా, అచ్చురూపాలు అడ్డంగా పేర్చిన ఆ పట్టికను ‘ఫిదెల్’ అంటారు. గటేన్యో 1960ల ఆరంభంలో ఆంగ్లానికి ‘వర్డ్స్ ఇన్ కలర్’ పద్ధతిని వెలువరించినప్పుడు అందులోని ధ్వని–వర్ణక్రమ పట్టికలకూ ఫిదెల్ అనే పేరే పెట్టారు. ఒక ధ్వనికి ఒక రంగు. ఆ ధ్వనిని ఎన్ని విధాలుగా రాసినా రంగు మారదు.

గటేన్యో పద్ధతిలో తర్వాతి చరిత్రకు ముఖ్యమైన అంశం ఒకటుంది. రంగులు గోడపటాలకే పరిమితం. పిల్లల చేతి పుస్తకాలు నలుపు–తెలుపులోనే ఉంటాయి, పిల్లలు రాసేదీ ఒకే రంగులో. అంటే రంగు శాశ్వతంగా ఉండవలసినది కాదనీ, నడక వచ్చేదాకా పట్టుకునే ఊతకర్ర అనీ ఆయన ముందే నిర్ణయించారు.

డేల్, గటేన్యో ఇద్దరి సమస్యా ధ్వనికీ అక్షరానికీ మధ్య పొంతన. పుట ముందు కూర్చున్నా చూపు నిలవని పిల్లవాడి సమస్య వేరు. దాని చరిత్ర వైద్యం నుంచి మొదలవుతుంది.

5. గోడవైపు తిరిగిన బల్లలు: స్ట్రాస్, లెటినెన్, క్రూక్‌షాంక్

లండన్ వైద్యుడు జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1902లో ఇచ్చిన ఉపన్యాసాల్లో బుద్ధి లోపించకపోయినా నిలకడ, నిగ్రహం కొరవడిన పిల్లలను వర్ణించారు. అవధాన సమస్యల వైద్యచరిత్ర రాసేవారు తరచు ఇక్కడ నుంచి మొదలుపెడతారు. అయితే ఇలాంటి పిల్లలకు పాఠ్యపుట ఎలా ఉండాలన్న ప్రశ్నను వివరంగా చర్చించిన గ్రంథాల్లో ప్రముఖమైనది 1947లో వచ్చింది. జర్మనీ నుంచి అమెరికాకు వలసవచ్చిన వైద్యుడు ఆల్ఫ్రెడ్ స్ట్రాస్, ఉపాధ్యాయిని లారా లెటినెన్ కలిసి మెదడుకు దెబ్బ తగిలిన పిల్లల మనోవైకల్యం, విద్య గురించి రాసిన పుస్తకమది.

వారి వాదం ఇది: ఈ పిల్లలు చుట్టూ ఉన్న ప్రతి ఉద్దీపనకూ స్పందిస్తారు. కిటికీ బయటి కదలిక, గోడమీది బొమ్మ, ఉపాధ్యాయిని మెడలోని గొలుసు, అన్నీ వారికి సమానబలంతో తగులుతాయి. కాబట్టి పరిసరాలను వీలైనంత బోసిగా ఉంచాలి. బల్లలు గోడవైపు తిప్పాలి, బయటి దృశ్యం కనబడకుండా కిటికీ అద్దాలు కప్పాలి, ఉపాధ్యాయిని ఆభరణాలు లేకుండా సాదా దుస్తుల్లో రావాలి. అవధానసభ పరిభాషలో చెప్పాలంటే వారు అప్రస్తుతప్రసంగిని సభ నుంచి పంపేశారు.

ఇంత బోసి గదిలోనూ వారు రంగుకు చోటిచ్చారు. గోడల నుంచి తీసేసిన రంగును పాఠంలోకి తెచ్చారు. ఆకారాన్ని పోల్చుకోవడంలో తడబడే పిల్లలు కూడా రంగును బాగానే పోల్చుకుంటారన్నది వారి అనుభవం. పదంలో కొత్తగా నేర్చుకునే అక్షరాన్ని రంగులో రాయడం, ఒకదానికొకటి పొరబడే అక్షరాలను వేర్వేరు రంగుల్లో చూపడం, లెక్కల్లో స్థానాలను రంగుతో విడదీయడం వంటి ఉపాయాలు లెటినెన్ తరగతి పద్ధతికి చెందినవి. పరిసరంలో రంగు శత్రువు, పాఠంలో మిత్రం. ఒకే వస్తువు గురించిన ఈ రెండు తీర్పులకూ ఆధారం అది నేర్వవలసిన విషయంతో ముడిపడి ఉందా లేదా అన్నదే.

ఈ పద్ధతిని విలియం క్రూక్‌షాంక్ మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గొమెరీ కౌంటీలో పరీక్షకు పెట్టారు. 40 మంది పిల్లలు, నాలుగు తరగతులు, ఒక్కో పిల్లవాడికి చుట్టూ మూసిన చిన్న గది. 1961లో వెలువడిన నివేదిక కూడా అదే సూత్రాన్ని చెప్పింది: పరిసరంలో ఉద్దీపన తగ్గాలి, బోధనసామగ్రిలో పెరగాలి. ఫలితాలు మాత్రం ఆశించినంత స్పష్టంగా రాలేదు. ప్రత్యేక తరగతుల పిల్లలకూ పోలికకు తీసుకున్న పిల్లలకూ మధ్య నిలకడైన తేడా తేలలేదు.

మరో లోపం మొదటి నుంచీ ఉంది. స్ట్రాస్ వర్గీకరణలోని చాలామంది పిల్లల్లో మెదడు గాయానికి ప్రత్యక్ష నిదర్శనం లేదు. ప్రవర్తనను చూసి గాయాన్ని ఊహించి, ఆ గాయంతోనే ప్రవర్తనను వివరించారన్న విమర్శ అప్పుడే వచ్చింది. ‘మెదడు దెబ్బతిన్నవాడు’ అన్న ముద్ర పిల్లవాడి మీద, కుటుంబం మీద మోపిన భారం తక్కువది కాదు. రంగు సుద్దముక్క వంటి నిరపాయకరమైన సాధనం కూడా ఇలాంటి ముద్రను వెంటబెట్టుకుని తరగతిలోకి వచ్చిందన్న సంగతి ఈ చరిత్రలో మరవరానిది.

6. తలకిందులైన సిద్ధాంతం: జెంటాల్

1970ల నాటికి పరిభాష మారింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వర్జీనియా డగ్లస్ 1972లో ప్రచురించిన వ్యాసంలో ఈ పిల్లల ప్రధాన ఇబ్బంది అతిచలనం కంటే అవధానాన్ని నిలపలేకపోవడం, తొందరపాటును ఆపుకోలేకపోవడం అని వాదించారు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణగ్రంథం 1968లో ‘అతిచలన ప్రతిక్రియ’ అన్న స్థితిని 1980 ముద్రణలో ‘అవధాన లోపం’గా, 1987లో ‘అవధానలోప–అతిచలన రుగ్మత’గా పేర్కొంది. పిల్లవాడి కాళ్లమీద ఉన్న చూపు అతని కళ్లమీదికి మళ్లింది. అలా మళ్లాకే పాఠ్యపుట ఎలా ఉందన్న ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది.

ఈ సందర్భంలోనే సిడ్నీ జెంటాల్ స్ట్రాస్ సిద్ధాంతాన్ని తిరగేశారు. అతిచలనం గల పిల్లలకు ఉద్దీపన ఎక్కువైంది కాదు, తక్కువైందని 1975లో ఆమె ప్రతిపాదించారు. విసుగు పుట్టించే పని ముందు కూర్చున్న పిల్లవాడు కదులుతూ, చుట్టూ చూస్తూ తనకు చాలని ఉద్దీపనను తానే సమకూర్చుకుంటున్నాడని ఆమె వివరణ. అలాంటప్పుడు గదిని బోసి చేయడం అతని అవసరాన్ని ఇంకా పెంచుతుంది. చేయవలసిన పనిలోనే ఆ ఉద్దీపనను సమకూర్చాలి. అందుకు ఆమె వాడిన ప్రధాన సాధనాల్లో రంగు ఒకటి.

1980లలో జెంటాల్, ఆమె సహపరిశోధకులు చూచిరాత, వర్ణక్రమం వంటి పనుల్లో రంగును చేర్చి పరీక్షించారు. ఆ పరిశోధనల నుంచి రెండు నిర్ణయాలు తేలాయి. మొదటిది స్థానం గురించి: నేర్వవలసిన అంశంపై, అంటే పదంలో కష్టమైన అక్షరంపై, పడిన రంగు మేలు చేస్తుంది. సంబంధం లేని చోట పడిన రంగు అవధానాన్ని అటే లాక్కుపోతుంది. రెండోది కాలం గురించి: కొత్త పాఠం మొదట్లోనే రంగు చేరిస్తే అవధాన సమస్యలున్న పిల్లలు వెనుకబడవచ్చు. నలుపులో పరిచయమయ్యాక, పునరావృత్తితో విసుగు మొదలయ్యే దశలో చేర్చిన రంగు వారికి ఎక్కువ తోడ్పడింది.

స్ట్రాస్ దృష్టిలో పిల్లవాడు ఉద్దీపనల వరదలో మునుగుతున్నాడు. జెంటాల్ దృష్టిలో అతను ఉద్దీపనలకు కరవై ఉన్నాడు. ఇంత విరుద్ధమైన చోట్ల నుంచి బయలుదేరినా నేర్వవలసిన అక్షరం మీదే రంగు పడాలన్న ఆచరణ దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. ఏ ఒక్క సిద్ధాంతం మీదా పూర్తిగా ఆధారపడలేదు కనుకనే ఈ సూత్రం బలమైనది.

7. రంగు ఎందుకు పనిచేస్తుంది, ఎందుకు పాడుచేస్తుంది

ఈ సూత్రానికి ప్రయోగాత్మక మనోవిజ్ఞానంలో సమర్థన ఉంది. ఒకే తీరు అంశాల వరుసలో భిన్నంగా ఉన్న ఒక్కటి బాగా గుర్తుంటుందని 1933లో హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ చూపారు. నల్లగీతల మధ్య ఒక ఎర్రగీతను వెతకడానికి, చుట్టూ ఎన్ని గీతలున్నా, దాదాపు ఒకే సమయం పడుతుందని ఆన్ ట్రీస్మన్, గ్యారీ గెలాడ్ 1980లో ప్రతిపాదించిన సిద్ధాంతం వివరిస్తుంది. వెతకనక్కరలేకుండానే రంగు తనంతట తాను తేలి వస్తుంది. ఈ లాభం భేదం మీద ఆధారపడినది. పుటలోని సగం మాటలకు రంగు వేస్తే భేదం పోతుంది, దానితో పాటు లాభమూ పోతుంది.

నష్టం ఎలా కలుగుతుందో జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగం చూపుతుంది. ఒక రంగు పేరును వేరే రంగు సిరాలో అచ్చువేసి సిరా రంగు చెప్పమంటే మనిషి తడబడతాడు, ఆలస్యం చేస్తాడు. రంగూ పదమూ అవధానం కోసం పోటీపడతాయి. రంగు చెప్పేదీ పదం చెప్పేదీ ఒకటైతే రంగు తోడ్పడుతుంది, వేరైతే అడ్డుపడుతుంది. అనవసరమైనదాన్ని అణచిపెట్టడంలోనే ఇబ్బంది ఉన్న పాఠకుడికి ఈ అడ్డు మరింత భారమవుతుంది.

కళాశాల విద్యార్థుల చేతుల్లోని మెరుపు సిరా కలాల విషయంలోనూ ఇదే జరుగుతోంది. అధ్యయనపద్ధతులను సమీక్షిస్తూ జాన్ డన్‌లోస్కీ బృందం 2013లో ప్రచురించిన విస్తృత వ్యాసం గీతలు గీసుకోవడాన్నీ రంగు పూసుకోవడాన్నీ తక్కువ ప్రయోజనం గల పద్ధతుల్లో చేర్చింది. ఏది ముఖ్యమో నిర్ణయించుకున్నాక పడిన రంగు వేరు, చదువుతూ చేయి ఆడినచోటల్లా పడిన రంగు వేరు.

8. వేరుచేసి చూడవలసిన వాదం: రంగు అద్దాలు

రంగు అక్షరాల చర్చలో తరచు కలిసిపోయే మరో ధోరణి ఉంది. 1980లో న్యూజీలాండ్‌కు చెందిన ఓలివ్ మియర్స్, 1983లో అమెరికాకు చెందిన హెలెన్ ఇర్లెన్ చదవడంలో ఇబ్బందిపడే కొందరికి పుట మీద పరిచే రంగు పారదర్శక పలకలు, రంగు అద్దాలు ఉపకరిస్తాయని ప్రతిపాదించారు. ఇక్కడ రంగు పాఠంలోని ఏ భాగాన్నీ విడదీయదు, మొత్తం పుటను ఒకే ఛాయలో ముంచుతుంది. అమెరికా శిశువైద్యుల, నేత్రవైద్యుల సంఘాలు 2009లో వెలువరించిన సంయుక్త ప్రకటన అభ్యసన వైకల్యాలకు రంగు అద్దాలను చికిత్సగా సమర్థించే తగిన ఆధారం లేదని తేల్చింది. పేరులో రంగు ఉన్నంత మాత్రాన ఈ రెండింటినీ ఒక గాటన కట్టరాదు. ఒక వాదానికి వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని రెండోదానికి అంటగట్టడమూ, ఒకదానికి అనుకూలంగా వచ్చిన ఫలితంతో రెండోదాన్ని అమ్ముకోవడమూ రెండూ తప్పే.

9. తెర మీద రంగు

కాగితంపై రంగు ఖర్చు. తెరపై ఖర్చు లేదు. గూటెన్‌బర్గ్ విరమించుకున్న పని నేడు ఒక్క మీట నొక్కితే జరుగుతుంది. పైగా ఒక పాఠకుడికి రంగులో, పక్కవాడికి నలుపులో అదే పాఠాన్ని చూపవచ్చు. 2013లో వచ్చిన బీలైన్ రీడర్ అనే సాధనం ప్రతి పంక్తిలోని అక్షరాలకు క్రమంగా మారే రంగుఛాయ నిస్తుంది. ఒక పంక్తి ఏ రంగుతో ముగిసిందో తర్వాతి పంక్తి ఆ రంగుతో మొదలవుతుంది. పంక్తి చివర నుంచి కిందికి దిగేటప్పుడు దారి తప్పే చూపుకు ఇది ఆనవాలు. మైక్రోసాఫ్ట్ సంస్థ పఠనసాధనం నామవాచకాలకూ క్రియలకూ విశేషణాలకూ వేర్వేరు రంగులు చూపగలదు. మొదటిది చూపు నడకకు, రెండోది వాక్యనిర్మాణానికి సహాయం. రెండింటిలోనూ రంగుకు చెప్పవలసిన విషయం ఒకటి ఉంది.

తెర రంగుకు హద్దులు కూడా ఏర్పడ్డాయి. అంతర్జాల పుటల సుగమ్యతకు 1999లో వెలువడిన మార్గదర్శకాలు సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే చెప్పరాదని విధించాయి. 2008 నాటి రెండో రూపం సాధారణ పరిమాణపు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 కాంతిభేదం ఉండాలని నిర్దేశించింది. ఎరుపు–పచ్చ భేదం తెలియనివారు, చూపు మందగించినవారు కూడా అదే పుటను చదువుతారు. ఒకరి ఊతకర్ర మరొకరి కాలికి అడ్డుపడకుండా చూడడమే ఈ నియమాల ఉద్దేశం.

10. తెలుగు లిపికి అన్వయం

ఆంగ్లంలో రంగు మోసిన మొదటి బరువు ధ్వనికీ వర్ణక్రమానికీ పొంతన కుదర్చడం. తెలుగులో రాసినట్టే చాలావరకు పలుకుతాం కాబట్టి ఒక ధ్వనికి ఒక రంగన్న డేల్, గటేన్యోల పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోవలసిన అవసరం స్వల్పం. తెలుగు పాఠకుడి బరువు మూడు చోట్ల ఉంది.

మొదటిది అక్షరాల మధ్య సూక్ష్మభేదం. ద–ధ, ప–ఫ జంటల్లో కింది చిన్నగీతే భేదకం. వ–మ జంటలో చివరి కొమ్మే భేదకం. అవధానం చెదిరే పిల్లవాడు అక్షరాన్ని మొత్తంగా చూసి వదిలేస్తాడు, భేదకం దాకా చూపు చేరదు. లెటినెన్, జెంటాల్ సూత్రం ప్రకారం రంగు పడవలసిన చోటు ఆ గీతే. అక్షరమంతా ఎర్రగా రాస్తే ‘ధ’ తేలి కనిపిస్తుందే గాని అది ‘ద’ ఎందుకు కాదో తెలియదు.

రెండోది అక్షరం లోపలి పొరలు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారం, తవత్తు, క్రారవడి, గుడిదీర్ఘం ఉన్నాయి. పైన, కింద, పక్కన ఉన్న భాగాలను చూపు ఒక క్రమంలో ఏరుకోవాలి. వత్తును రంగుతో చూపడం ఇక్కడ నిజమైన సహాయం. సుద్దముక్కతో ఇది సులభం. తెరపై ఇది కష్టం. యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఆరు సంకేతాల వరుసగా నిల్వ ఉండి, తెర మీదికి వచ్చేటప్పుడు ఒకే రూపంగా కలుస్తుంది. అందులో ఒక భాగానికి మాత్రం రంగు వేయబోతే చాలా సాధనాల్లో అక్షరం విడిపోతుంది, లేదా మొత్తం అక్షరం రంగు మారుతుంది. ‘కి’ వంటి రూపాల్లో గుడి హల్లుతో కలిసిపోయి ఉంటుంది కనుక ఎక్కడ హల్లు ముగిసి ఎక్కడ అచ్చు మొదలవుతుందో గీత గీయడమే చిక్కు. అక్షరాలను విడివిడిగా పేర్చే లిపులను దృష్టిలో పెట్టుకుని చేసిన సాధనాలు తెలుగుకు చాలవనడానికి ఇదొక ప్రత్యక్ష నిదర్శనం. ఖతుల రూపకల్పన చేసేవారూ భాషాబోధకులూ కలిసి పూనుకోవలసిన పని ఇది.

మూడోది పదం నిడివి. సంధితో, సమాసంతో, ప్రత్యయాలతో పెరిగిన తెలుగు పదం ఒక్కోసారి సగం పంక్తిని ఆక్రమిస్తుంది. తాళపత్రం నాటి పాఠకుడికి పద్యం నడక పదాన్ని విరిచి ఇచ్చేది. నేటి వచనపాఠకుడికి ఆ ఆధారం లేదు. సంధిస్థానాన్ని, ప్రత్యయాన్ని రంగుతో సూచిస్తే పదం భాగాలుగా అందుతుంది. పై స్థాయి విద్యార్థులకు ప్రబంధపద్యాల అన్వయం చెప్పేటప్పుడు కర్తను, క్రియను రెండు రంగుల్లో చూపడం కూడా ఈ కోవలోనిదే.

ఇది తరగతి గదికే పరిమితమైన సౌకర్యం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను తన జాబితాలో చేర్చింది. అవధానలోప రుగ్మతకు ఆ జాబితాలో విడిగా పేరు లేదు. ధ్రువపత్రం చేతికి రాని, ‘వీడికి శ్రద్ధ లేదు’ అన్న మాట మాత్రమే దక్కే పిల్లలు తరగతుల్లో ఉంటారు. వారి విషయంలో పుట ఎలా రాయాలి, బల్ల మీద ఏ అక్షరం కింద గీత గీయాలి అన్న నిర్ణయం ఉపాధ్యాయుడి చేతిలోనే మిగులుతోంది. ఆ నిర్ణయానికి ధ్రువపత్రం అవసరం లేదు, పిల్లవాడిపై ముద్ర వేయవలసిన పనీ లేదు.

11. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, రంగు అక్షరాలు ఒక రుగ్మతకు కనిపెట్టిన చికిత్స కావు. చదువరులందరికీ ఉద్దేశించిన పాత లేఖనపద్ధతిని ఇరవయ్యో శతాబ్ది విద్యావేత్తలు చూపు నిలవని పిల్లల కోసం కొత్తగా వినియోగించారు.

రెండు, ఎర్రసిరా లేఖకుల నుంచి జెంటాల్ దాకా రంగు ఫలించిన సందర్భాలన్నిటిలోనూ అది పాఠనిర్మాణంలోని ఒక నిర్ణీత భేదాన్ని సూచించింది. ఆ సంబంధం తెగినచోట రంగే అప్రస్తుతప్రసంగం అయింది.

మూడు, రంగును తొలగించే దశను ముందే నిర్ణయించుకున్న గటేన్యో పద్ధతి, రంగును ఆలస్యంగా చేర్చమన్న జెంటాల్ పరిశోధన, రెండూ రంగుకు స్థానంతో పాటు కాలం కూడా ఉందని చెబుతున్నాయి.

నాలుగు, తెలుగు లిపిలో రంగు పడవలసిన చోట్లు భేదకగీత, వత్తు, పదం విరుపు. ఈ మూడింటినీ తరగతిలో పరీక్షించి చూడడం తెలుగు భాషాబోధన పరిశోధకుల ముందున్న పని. నల్లబల్ల మీద ఒత్తును ఎర్రగా దిద్దిన ఉపాధ్యాయుడు సరైన చోటనే సుద్దముక్క పెట్టాడు. అదే పని తెర మీద చేయగల తెలుగు సాధనం ఇంకా సిద్ధం కావలసి ఉంది.